కొండమల్లేపల్లిల ఇరవై నిమిషాలు

డ్రైవర్ జంగయ్యన్న చాయకు దిగుతడు.
నేను దిగ.
లెక్కల కాయితాల సంచిల, తువ్వాలల చుట్టి
నవల ఉంటది.
ప్రకాశం బజార్ల పాత పుస్తకాలాయన
పదిహేను చెప్పి పదికిచ్చిండు.
అట్ట మీది పిల్ల మొకం సగం చినిగింది,
మిగిలిన ఒక్క కన్నే
మస్తు పెద్దగుంది.

ఎవలో తీసుకోకుంట దిగిపోయిన జీరో టికెట్టు
నిన్నటి పేజీల గుర్తు.

మధూలిక ఇంకా మేడ మీదనే ఉంది.
నేను నిన్న నాలుగు ట్రిప్పులు కొట్టి,
క్యాష్ కట్టి, ఇంటికి పోయి,
బియ్యం ఏరి, అత్తమ్మ కాళ్లకు నూనె రాసి,
తెల్లారగట్ల నాలుగింటికి లేచి వచ్చిన.
ఆమె అదే కాఫీ కప్పు పట్టుకొని
అదే వానను చూస్తాంది.
కాఫీ చల్లారను గూడ లేదు.

నాకు కోపం రాదు.
ఎవలో ఒకలు కూసోవాలె గద
వానకాడ, పనిలేకుంట.
నా బదులు ఆమె కూసున్నది.

అభినవ్ ఆరడుగులు ఉంటడట.
మా రూట్ల ఆరడుగులోడు ఎక్కితే
నెత్తి రాడ్డుకు తాకి
తిట్టుకుంట దిగుతడు.
ఈయన తల వంచడు, చిల్లర అడగడు,
ఆమె ఏ రంగు చీర కట్టిందో
మూడు నెలలైనా యాదికుంచుకుంటడు.
మా ఆయనను నా యూనిఫాం రంగు అడుగున్రి,
తడుముకుంటడు.
అంత ఉత్తదేనని నాకెరుక.
ఎరుకయ్యే చదువుతున్న.

"ఏమొస్తదమ్మా అండాలూ గివి చదివితే?
మంచి పుస్తకాలు చదువరాదు?"
డిపోల క్యాషియర్ సత్తిరెడ్డి సారు అడిగిండు.
పదినోట్లు సదురుకుంటనే చెప్పిన:
సారూ, సీతాఫలం తింటరా మీరు?
గింజలే ఎక్కువ, గుజ్జు గింతంత.
ఊసుకుంట పోతం.
నేను వర్ణనలు ఊస్త,
ఇంగ్లీషు మాటలు ఊస్త,
అభినవ్ మేనత్త చెప్పే నీతులు
రెండు పేజీలు ఒక్కపారే ఊస్త.
చెయ్యి ఆగుతదా?
తిన్నంక ఏమొచ్చిందని ఎవలన్న అడుగుతరా?
మూతి తుడుసుకుంటరు, గంతే.

సారు నవ్విండు.
రెండు రూపాయలు తక్కువున్నయని రాసుకున్నడు.

గుర్రంపోడుల పత్తి ఏరవోయేటోళ్లు ఎక్కుతరు.
సైదమ్మ సీటు దొరకకముందే
"నిన్న ఏడ ఆగింది?" అంటది.
అచ్చరమ్ముక్క రాదు గని
ఏ పిల్ల కత ఏడ ఆగిందో
ఒక్కటి మరువదు.
టికెట్లు కొట్టుకుంట చెప్పిన:
అభినవ్ రాసిన ఉత్తరం వచ్చింది,
ఇంకో పిల్లతోని లగ్గం ఖాయమైందని.
మధూలిక చదివి, ఏడ్వకుంట,
పెదవి కొరుక్కున్నది.

"పెదవెందుకు? వాన్ని కొరకాలె!"
వెనక సీట్ల నుంచి ద్వాలి.
బస్సంత పగలబడ్డది.
జంగయ్యన్న అద్దంల చూసి
ఊరికెనే హారన్ కొట్టిండు.

సైదమ్మ నవ్వలే.
"వాడు రాయలే. ఇంట్ల పెద్ద ఆడమనిషి ఉందా?"
మేనత్త ఉందన్న.
"ఏం చెప్తుంటది?"
నేను చదవలేదు గద.
"ఏమో" అన్న.
నా దిక్కు చూసిందొక చూపు,
చిల్లర తక్కువిచ్చిన కండక్టర్ను చూసినట్టు.

ఇయ్యాల మళ్ల కొండమల్లేపల్లి.
ఊసేసిన పేజీలకు ఎనక్కి పోయిన.
నీతులే. పొద్దున లేవాలె, పెద్దలను మన్నించాలె.
నడుమ ఒక్క ముక్క:
అభినవ్‌కు అచ్చరాలు దిద్దిచ్చింది తనేనట,
ఇద్దరి దస్తూరి ఒక్కతీరే ఉంటదట.

ఓ సైదమ్మా!

గుర్రంపోడు ఇంకా ఎంత దూరం.
ఇరవై నిమిషాలల్ల తొమ్మిదే అయినయి.
డోర్ల నిలవడి నేనే
"రైట్, రైట్" అన్న.
సగం చాయ గిలాసతోని
జంగయ్యన్న మొత్తుకుంట ఉరుకొస్తుండు.